భారతం సినిమాలు: ఏ వరసలో చూడాలి?



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంఘం కార్యదర్శి గారు కబురు చేశారు. శాసనాల గురించి, జమీందారీల గురించి రాయగలిగిన పెద్దలు మనలో ఉన్నారు. నాకు తెలిసిన చరిత్రలు రెండే. ఒకటి దస్త్రాలది, రెండోది సినిమాలది. మొదటిది జీతం తీసుకుని చదివాం గనుక ఇప్పుడు ఉచితంగా ఎవరూ చదవరు. అందుచేత రెండోది రాస్తున్నాను.

ఈ వ్యాసానికి కారకుడు మా బావమరిది. వాడిది వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం గ్రామం. కొబ్బరి, జీడిమామిడి తోట ఉండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి చెట్లలో సగానికి పైగా పడిపోయాయి. తర్వాత కొన్నేళ్లకు కిడ్నీల జబ్బు బయటపడింది. ఉద్దానంలో ఆ జబ్బు గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పవలసింది లేదు. ఇప్పుడు పలాసలో వారానికి మూడు సార్లు డయాలసిస్, ప్రతిసారీ నాలుగు గంటలు. అక్కను చూడ్డానికి మా ఇంటికి వచ్చినప్పుడు నాతో అన్నాడు.

"బావా, నాలుగ్గంటలు ఆ పైకప్పు సూసి సూసి ఇసుగొస్తంది. పాత బారతం సినిమాలన్నీ సెల్లులో ఎక్కించి ఇయ్యి. వరసగా సూత్తాను."

సినిమాలు ఎక్కించడానికి మా మనవరాలికి ఒక పూట పట్టింది. ఆ 'వరసగా' అన్న మాటతో నాకు వారం రోజులు పట్టింది.

తెల్లకాగితం మీద గళ్లు గీసి మొదట కథ ప్రకారం వేశాను. భీష్మ (1962), శ్రీకృష్ణ పాండవీయం (1966), శ్రీకృష్ణార్జున యుద్ధం (1963), పాండవ వనవాసం (1965), మాయాబజార్ (1957), నర్తనశాల (1963), శ్రీకృష్ణ రాయబారం (1960), వీరాభిమన్యు (1965), దానవీరశూరకర్ణ (1977), కురుక్షేత్రం (1977), చివర బభ్రువాహన (1964). మొత్తం పదకొండు. కుండలీకరణాల్లో ఉన్న సంవత్సరాలు ఒకసారి చూడండి. అరవై రెండు, అరవై ఆరు, మళ్లీ అరవై మూడు, అరవై అయిదు, అక్కణ్నుంచి ఒక్కసారిగా యాభై ఏడు. ఆఫీసులో ఏ గుమాస్తా అయినా కాగితాలు ఇలా కుట్టి పైకి పంపితే ఫైలు తిరిగి మొహాన పడేది. మన పద్ధతిలో కాగితం వచ్చిన తేదీ ప్రకారమే ఫైలులోకి వెళ్లాలి. విషయం వారీగా పేర్చుకోవడం చదివేవాడి సొంత వ్యవహారం.

ఇలాంటి తగవు మనకే ఉందనుకోకండి. అమెరికాలో ఉన్న మా పెద్దమనవడు ఫోనులో చెప్పాడు. 'స్టార్ వార్స్' అనే సినిమాల వరస 1977లో మొదలైంది. మొదట తీసిన మూడూ కథలో తర్వాతి భాగాలట. అంతకు ముందు జరిగిన కథను 1999 నుంచి 2005 దాకా మరో మూడు సినిమాలుగా తీశారు. పిల్లలకు ఏది ముందు చూపించాలన్నది అక్కడ ఇళ్లలో పెద్ద చర్చ. నవ్వుకున్నాను గానీ, 1977 అనగానే నాకు దానవీరశూరకర్ణ గుర్తొచ్చింది. అదీ ఆ ఏడాదిదే.

భారతం సినిమాలు ఒక సంస్థ తీసినవి కావు, ఒక దర్శకుడు తీసినవి కావు. అయినా మన మనసుల్లో అవి ఒకే మాలికగా ఉండిపోయాయి. కారణం ముఖ్యంగా మనుషులు. ఎన్.టి.రామారావు గారు, ఎస్.వి.రంగారావు గారు, సావిత్రి గారు, కాంతారావు గారు, ధూళిపాళ, ముక్కామల, మిక్కిలినేని. వీళ్లే మళ్లీ మళ్లీ వస్తారు, వేషాలు మార్చుకుని. కథ ప్రకారం చూసేవాడికి ఇక్కడే చిక్కు. రంగారావు గారు పాండవ వనవాసంలో దుర్యోధనుడు. తర్వాతి రోజు మాయాబజార్ పెడితే భీముడి కొడుకు ఘటోత్కచుడు. ఆ మర్నాడు నర్తనశాలలో కీచకుడై అదే భీముడి చేతిలో చస్తాడు. రామారావు గారు మూడు రోజుల్లో భీముడు, కృష్ణుడు, అర్జునుడు.

అభిమన్యుడి సంగతి ఇంకా ఇబ్బంది. మాయాబజార్‌లో నాగేశ్వరరావు గారు అభిమన్యుడు, సావిత్రి గారు శశిరేఖ. అంత హంగామా చేసి పెళ్లి చేస్తారు. వెంటనే నర్తనశాల చూస్తే అభిమన్యుడు శోభన్‌బాబు అయిపోయి ఉత్తరను పెళ్లాడతాడు. శశిరేఖ ఊసే ఉండదు. సావిత్రి గారేమో ద్రౌపదిగా అత్తగారి వరసలోకి వచ్చేస్తారు. మా ఆవిడ అడిగింది, "మరి ఆ శశిరేఖ ఏమైనట్టు?" అని. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అది మన జనం అల్లుకున్న కథ. లేని మనిషి ఏమైందని అడిగితే ఏం చెప్పను?

అసలు ఈ సినిమాలు కథ వరసలో ఎందుకు రాలేదన్నది ఆలోచించదగ్గ విషయం. నిర్మాతలు పర్వాలు చూసి సినిమాలు తీయలేదు. నాటకాలు చూసి తీశారు. చిలకమర్తి వారి గయోపాఖ్యానం ఊరూరా ఆడింది, అందులోంచి శ్రీకృష్ణార్జున యుద్ధం వచ్చింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు మన వైపు పొలం పనుల్లో ఉన్నవాళ్లకు కూడా నోటికి వచ్చేవి. రాయబారం ఘట్టం తెర మీద అన్నిసార్లు రావడానికి అదే కారణం. 1936లో అయితే ద్రౌపది కథ మీద రెండు సినిమాలు పోటాపోటీగా తీశారు. ద్రౌపదీ మానసంరక్షణంలో బళ్లారి రాఘవ గారు దుర్యోధనుడు. ద్రౌపదీ వస్త్రాపహరణంలో యడవల్లి సూర్యనారాయణ గారు దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారు కృష్ణుడు. ఆ కృష్ణుడే ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత మాయాబజార్‌లో పాచికలు పట్టుకున్న శకుని. నాటకానికి జనం ఎక్కడ మూగితే సినిమా అక్కణ్నుంచి మొదలైంది.

ఇక రెండో పద్ధతి విడుదల వరస. 1957 మార్చి 27న మాయాబజార్‌తో మొదలుపెట్టి 1977 దాకా. ఇలా చూస్తే భారతం తికమకగా ఉంటుంది గానీ మరో చరిత్ర కనిపిస్తుంది. ఒక్క దుర్యోధనుణ్ని పట్టుకుని చూడండి. మాయాబజార్‌లో ముక్కామల గారి దుర్యోధనుడు ఎక్కువభాగం మగపెళ్లివారి పెద్ద. కొడుకు పెళ్లికి ఆర్భాటంగా బయల్దేరి నవ్వులపాలవుతాడు. 1963లో ధూళిపాళ, 1965లో రంగారావు గారు. వాళ్లిద్దరిలో దర్పం ఉంది. 1966లో శ్రీకృష్ణ పాండవీయంలో రామారావు గారు స్వీయ దర్శకత్వంలో కృష్ణుడూ తానే, దుర్యోధనుడూ తానే. శకుని పగకు కారణం ఏమిటో కూడా అందులో చూపించారు. 1977కి వచ్చేసరికి కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు పాత్రలూ ఆయనవే. దుర్యోధనుడికి యుగళగీతం కూడా పెట్టారు. ఇరవై ఏళ్లలో కథ అదే ఉంది, మనం ఎవరి పక్క కూర్చుని చూస్తున్నామన్నది మారింది. నిండు సభలో కులం అడిగించుకున్న కర్ణుడి వైపు జనం జరిగారు. పెళ్లి పందిళ్లలో మైకు సెట్ల వాళ్లు పాటల రికార్డులు ఆపి కర్ణ సినిమా సంభాషణల రికార్డులు వేసేవారు. మన సభ్యుల్లో చాలామందికి జ్ఞాపకం ఉండాలి.

ఆ 1977 సంక్రాంతికి, జనవరి 14న, దానవీరశూరకర్ణ, కురుక్షేత్రం రెండూ ఒకే రోజు విడుదలయ్యాయి. కురుక్షేత్రంలో కృష్ణ గారు అర్జునుడు, శోభన్‌బాబు కృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. 1965 వీరాభిమన్యులో అభిమన్యుడైన శోభన్‌బాబు పన్నెండేళ్లకు తనకు తానే మేనమామ అయ్యాడన్నమాట.

మన వాళ్లం మాత్రం ఈ రెండు వరసల్లోనూ చూడలేదు. మనది మూడో వరస, పెట్టె వచ్చిన వరస. ఆ రోజుల్లో ప్రింట్లు తక్కువ. ముందు విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం. అక్కడ అరిగాక టెక్కలి, పలాస. ఇంకా అరిగాక డేరా సినిమాలు. 1970ల్లో టెక్కలిలో నేను గుమాస్తాగా చేరిన కార్యాలయంలో ఆ డేరాల లైసెన్సు దస్త్రాలు నా బల్ల మీదకే వచ్చేవి. డేరాకు శాశ్వత లైసెన్సు ఉండదు. గడువు తీరితే గుంజలు పీకి మరో ఊరు పోవాలి. కనుక డేరా ఉన్న రోజుల్లో ఏ పెట్టె దొరికితే అదే మన భాగ్యం.

నేను చూసిన మొదటి భారతం సినిమా బభ్రువాహన. అంటే యుద్ధం అయిపోయి, ధర్మరాజు అశ్వమేధం చేస్తుంటే, అర్జునుడు తన కొడుకు చేతిలోనే పడిపోయే కథ. నాకు పద్నాలుగేళ్లు. డేరాలో నేల మీద ఇసుక పోసుకుని ఎత్తు చేసుకుని కూర్చున్నాం. అర్జునుడు పడిపోతే ఏడ్చాను. పక్కనున్న మా నాయనమ్మ తల మీద ఒకటి వేసి, "లెగుత్తాడ్రా, ఉండు" అంది. ఆవిడ సినిమా చూడటం అదే మొదటిసారి. కథ మాత్రం ఎప్పుడో తెలుసు. రాత్రుళ్లు జముకుల కథలు, తూర్పు భాగవతాలు విన్న మనిషి. మాయాబజార్ నేను చూసింది ఆ తర్వాత రెండేళ్లకు, అదీ ఒక రీలు లేకుండా. లేని రీలు సంగతి చాలా కాలం తెలియలేదు. 2010లో రంగులు వేసి మళ్లీ విడుదల చేసినప్పుడు కొత్త సన్నివేశాలు కలిపారేమో అనుకున్నాను!

మా నాయనమ్మ తరం వారికి వరస అక్కర్లేదు. ఏ ఘట్టం ఎక్కడ పెట్టాలో వారికి తెలుసు. మా తరం సగం తెలిసి సగం తెలియక చూసింది. మనవలకు ఏమీ తెలియదు. వరస అన్న ప్రశ్న పుట్టడమే కథ మరిచిపోయాక పుట్టింది.

ఈ కాగితాలతో కుస్తీ పడుతుండగా ఒక రాత్రి నాకు తట్టిన విషయం చెబుతాను. కవిత్రయం అంటే ఎవరు? నన్నయ, తిక్కన, ఎర్రన. చిన్నప్పటి నుంచీ అలాగే వల్లిస్తున్నాం. ఇది విడుదల వరస! నన్నయ 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కోసం ఆది, సభా పర్వాలు, అరణ్య పర్వంలో కొంత రాసి ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన ఆ మిగిలింది ముట్టుకోకుండా విరాట పర్వం నుంచి చివరి దాకా పదిహేను పర్వాలు రాశాడు. అరణ్య పర్వం ముట్టుకుంటే కీడన్న భయమని లోకంలో ఒక మాట ఉంది. 14వ శతాబ్దంలో ఎర్రన వచ్చి మధ్యలో ఉన్న ఖాళీ నింపాడు. చదివేటప్పుడు మాత్రం నన్నయ, ఎర్రన, తిక్కన. అంటే కథ చివర దాకా పూర్తయిన తర్వాత సుమారు నూరేళ్లకు మధ్యభాగం వచ్చింది. ఆ మధ్యకాలంలో తెలుగువాళ్లు గొయ్యి ఉన్న దారిలోనే భారతం చదువుకున్నారు. ఎర్రన గొప్పతనం ఏమిటంటే నన్నయ ధోరణిలో మొదలుపెట్టి తిక్కన ధోరణిలోకి నడిపించి, అతుకు కనపడకుండా చేశాడు. తన భాగాన్ని కూడా రాజరాజ నరేంద్రుడికే అంకితం ఇచ్చాడు.

సినిమాల్లోనూ ఇలాగే జరిగింది. కమలాకర కామేశ్వరరావు గారు 1963లో నర్తనశాల తీశారు, అది విరాట పర్వం. తర్వాత 1965లో పాండవ వనవాసం తీశారు, అది అరణ్య పర్వం. తిక్కన ముందు, ఎర్రన తర్వాత! ఈ రెంటికీ అతుకు సావిత్రి గారు. రెండింటిలోనూ ద్రౌపది ఆవిడే. మిగతావాళ్లలో చాలామంది ముఖాలు మారిపోయినా, వనవాసంలో అవమానపడిన ద్రౌపదే విరటుడి కొలువులో సైరంధ్రిగా తల వంచుకుని నిలబడిందని చూసేవాడికి నమ్మకం కుదురుతుంది. వీరుల ముఖాలు పట్టుకుని వరస వేద్దామని నేను అన్ని రోజులు తప్పు చేశాను. ఆవిడ ముఖం పట్టుకుంటే సరిపోయేది.

నర్తనశాల గురించి మరో రెండు మాటలు రాయకపోతే నాకు తృప్తి ఉండదు. భీముడి వేషం వేసిన దండమూడి రాజగోపాల్ గారు పేరుమోసిన బరువులెత్తే వీరుడు. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో కీచక పాత్రకు రంగారావు గారు ఉత్తమ నటుడు అనిపించుకున్నారు. అది విడుదలైంది 1963 అక్టోబరు 11న. తిత్లీ వచ్చిన తేదీ కూడా అక్టోబరు 11. గుమాస్తా బుర్రకు ఇలాంటివే కనిపిస్తాయి, క్షమించాలి. వానలు పడకపోతే విరాట పర్వం చదివించే అలవాటు మన పల్లెల్లో ఉండేది. మా ఊళ్లో రామమందిరంలో భారతం ఎప్పుడు మొదలుపెట్టినా విరాట పర్వంతోనే ఎత్తుకునేవారు. 1979లో రామారావు గారు శ్రీమద్విరాట పర్వం తీసి అయిదు పాత్రలు ధరించారు. దాన్ని నా జాబితాలో చేర్చలేదు. ఒక పర్వానికి ఒక సినిమా చాలు. ఇది నా అభిప్రాయం, ఆయన అభిమానులు కోపగించుకోవద్దు.

చివరికి తేల్చుకున్నది ఇది. భారతం తెలియని మనవలకు మాయాబజార్ మొదట చూపించండి. అందులో పాండవులు తెర మీదకే రారు, యుద్ధం లేదు, ముందు కథ తెలియకపోయినా నష్టం లేదు. ఆ నవ్వుల్లో కృష్ణుడు, బలరాముడు, శకుని ఎవరెవరో పరిచయం అయిపోతారు. తర్వాత పాండవ వనవాసం, నర్తనశాల విడదీయకుండా. మధ్యలో రెండు రోజులు ఆగి వీరాభిమన్యు. పెళ్లి చూసిన మర్నాడే ఆ పిల్లవాడి చావు చూపించడం పిల్లలకు మంచిది కాదు. తర్వాత దానవీరశూరకర్ణ. మిగిలినవి ఎప్పుడైనా చూడొచ్చు. భారతం బాగా తెలిసిన మన వయసువారు విడుదల వరసలో చూడండి. మన వయసు కూడా ఆ నటులతో పాటు నడుస్తుంది.

ఈ రెండు జాబితాలూ శుభ్రంగా ఎత్తిరాసి ఆదివారం నాడు మా బావమరిదికి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"కర్ణుడిది ఎన్నోది బావా?"

"దీంట్లో అయిదోది. ఇందులో అయితే పదోది."

"అంటే మూడు, నాలుగు వారాలు. అంత వరస నాకొద్దు బావా. ముందు కర్ణుడిది ఎట్టీ."

నేను ఒప్పుకోలేదు. ఆఖరున చూడవలసింది ముందు చూస్తే మిగతావి చప్పగా ఉంటాయన్నాను. ఎర్రన సంగతి కూడా చెప్పబోయాను. వాడు నవ్వి, "అప్పుడు కాశీబుగ్గలో మద్దిలో లెగిసొచ్చీసినాం కదా" అన్నాడు.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. 1977లో ఆ సినిమా మన వైపు వచ్చినప్పుడు వాడూ నేనూ మ్యాట్నీకి వెళ్లాం. వాడికి ఇరవై రెండేళ్లు. ఆ సినిమా సుమారు నాలుగు గంటలు. ఉద్దానం పోయే ఆఖరి బస్సు తప్పిపోతుందని, కర్ణార్జునుల యుద్ధం ఇంకా కాకముందే వాణ్ని చెయ్యి పట్టుకుని లేవదీసింది నేనే. తర్వాత టీవీలో ఎన్నిసార్లో వచ్చింది. ఆ చివర వచ్చే వేళకు కాయల లారీ రావడమో, కరెంటు పోవడమో. నలభై ఏళ్లు దాటినా అది వాడి మనసులో ఉందని నాకు తెలియదు.

సోమవారం కర్ణుడిదే పెట్టి ఇచ్చాను. లోపలికి నన్ను రానివ్వరు గనుక వరండాలో కూర్చున్నాను. సినిమా నాలుగు గంటలు, యంత్రం నాలుగు గంటలు. లెక్క సరిపోయిందనుకున్నాను. బయటికి వచ్చాక చెప్పాడు, మధ్యలో అరగంట కునుకు పట్టిందట. లేచి వదిలిన చోట నుంచి మళ్లీ పెట్టుకుంటే, ఇంకా మిగిలి ఉండగానే సూదులు తీసేశారు.

"ఇంకా అరగంటుంది బావా. ఇంటికెల్లి సూత్తాన్లే."

వద్దన్నాను. ఆవరణలో చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టాను. ఎండ పడకుండా సెల్లుకు నా తువ్వాలు అడ్డం పట్టాను. ఆటో కుర్రాడు రెండుసార్లు హారను కొట్టి, తర్వాత ఇంజను ఆపి వచ్చి మా వెనక నిలబడ్డాడు. కర్ణుడు పడిపోయేవరకు ముగ్గురం మాట్లాడలేదు.

ఆటో ఎక్కాక వాడు సెల్లు జేబులో పెట్టుకుని, "బుధవారం ఏటి?" అన్నాడు.

జాబితా తీసి చూశాను. మాయాబజార్ అన్నాను.